గ్లూటెన్ లేని కుకీ ముద్ద: ప్యాకెట్ హామీ ఎంతవరకు? వంటింటి బాధ్యత ఎక్కడి నుంచి?

కుకీల పిండి ముద్దను ముందే కలిపి, చల్లబరిచి, ప్యాకెట్లలో అమ్మడం అమెరికాలో చాలాకాలంగా ఉంది. కొనుక్కొచ్చి, ఉండలుగా తీసి, ట్రేలో పేర్చి ఓవెన్‌లో కాల్చుకుంటే చాలు. ఇప్పుడు సూపర్‌మార్కెట్లలోని అవే చల్లటి అరల్లో ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాసిన ముద్దలు కూడా కనిపిస్తాయి. మన దేశంలోనూ గ్లూటెన్ లేని బిస్కెట్లు, ఇంట్లో కలుపుకునే పొడి మిశ్రమాలు దొరుకుతున్నాయి.

చాలామందికి ఇది కొత్త రుచి చూడాలన్న సరదా. సీలియాక్ వ్యాధి ఉన్న పిల్లలకు మాత్రం అలా కాదు. తోటి పిల్లలు తినే కుకీ తామూ తినగలమా లేదా అన్నది వారికి ఆ రెండు మాటల మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఇలాంటి ముద్దను ఇంటికి తెచ్చినప్పుడు రెండు విషయాలు తెలియాలి. మొదటిది, గోధుమ లేకుండా ఆ ముద్ద ఎలా నిలబడుతోంది, ఓవెన్‌లో ఎందుకు వేరుగా ప్రవర్తిస్తుంది? రెండోది, ప్యాకెట్ ఇచ్చే భద్రత ఎంతవరకు ఉంటుంది, దాన్ని తెరిచిన తరువాత ఏమవుతుంది?

గ్లూటెన్ అంటే ఏమిటి?

గుప్పెడు మైదాను నీళ్లతో గట్టి ముద్దగా కలిపి, సన్నటి నీటి ధార కింద పిసుకుతూ ఉంటే తెల్లటి పాల లాంటి నీరు కారిపోతుంది. అది పిండిపదార్థం. చివరకు చేతిలో సాగే గుణమున్న, బూడిద రంగు జిగురు ముద్ద ఒకటి మిగులుతుంది. అదే గ్లూటెన్. ఇటలీలోని బొలోన్యాకు చెందిన జాకొపో బెక్కారి అనే శాస్త్రవేత్త గోధుమ పిండి నుంచి దీన్ని ఇలాగే వేరుచేసి 1728లో వివరించాడు.

గోధుమలో గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే రెండు రకాల ప్రోటీన్లు ఉంటాయి. పిండి పొడిగా ఉన్నంతసేపు ఇవి విడివిడిగా ఉంటాయి. నీరు తగిలి, పిసకడం మొదలయ్యాక ఒకదానితో ఒకటి పెనవేసుకుని వల లాంటి నిర్మాణంగా మారతాయి. గ్లూటెనిన్ వల్ల ముద్దకు బిగువు, గ్లయాడిన్ వల్ల సాగే గుణం వస్తాయి. పుల్కా పొంగినా, పరోటా పొరలు పొరలుగా సాగినా, బ్రెడ్డు గాలిని పట్టుకుని ఉబ్బినా కారణం ఈ వలే. బార్లీ, రై ధాన్యాల్లోనూ ఈ కుటుంబానికి చెందిన ప్రోటీన్లే ఉంటాయి. వరి, జొన్న, రాగి, సజ్జ, కొర్ర, మొక్కజొన్నల్లో ఇవి ఉండవు.

ఎవరికి ఇది హాని?

చాలామంది గ్లూటెన్‌ను ఏ ఇబ్బందీ లేకుండా తినగలరు. సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో మాత్రం గ్లూటెన్ పూర్తిగా జీర్ణం కాగా మిగిలిన ముక్కలను రోగనిరోధక వ్యవస్థ శత్రువులుగా భావిస్తుంది. ఆ దాడిలో దెబ్బతినేది సొంత శరీరమే. చిన్నపేగు లోపలి గోడ మీద వేళ్లలా పొడుచుకుని ఉండే చూషకాలు క్రమంగా అరిగి చదునవుతాయి. పోషకాలను పీల్చుకునేవి ఇవే కాబట్టి ఎంత తిన్నా ఒంటికి పట్టదు. విరేచనాలు, కడుపు ఉబ్బరం, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం, ఐరన్ మాత్రలు వాడినా తగ్గని రక్తహీనత వంటి లక్షణాలు కనిపించవచ్చు. కొందరిలో పైకి ఏమీ తెలియకుండానే పేగు దెబ్బతింటూ ఉంటుంది.

ఈ వ్యాధికీ గోధుమకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెమ్ కారెల్ డికె. ఆయన 1930ల నుంచే గోధుమ లేని ఆహారాన్ని కొందరు పిల్లలకు ఇచ్చి చూస్తున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944–45 చలికాలంలో, ఆ దేశంలో తీవ్రమైన కరువు వచ్చి బ్రెడ్డు దొరకడం గగనమైంది. తిరిగి బ్రెడ్డు అందుబాటులోకి వచ్చాక సీలియాక్ పిల్లల జబ్బు తిరగబెట్టడం ఆయన అనుమానాన్ని బలపరిచింది. 1950లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో ఆయన తన పరిశీలనలను వివరించాడు. ఈ వ్యాధికి నేటికీ ప్రధాన చికిత్స అదే: జీవితాంతం గ్లూటెన్ లేని ఆహారం.

మన దేశంలో ఈ వ్యాధి వ్యాప్తి అన్నిచోట్లా ఒకేలా లేదు. 2016లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, సీలియాక్‌ను సూచించే యాంటీబాడీలు ఉత్తర భారతంలో 1.23 శాతం మందిలోనూ, ఈశాన్యంలో 0.87 శాతం మందిలోనూ, దక్షిణ భారతంలో 0.10 శాతం మందిలోనూ కనిపించాయి. ఈ వ్యాధికి అవకాశం కల్పించే జన్యువులు మాత్రం మూడు ప్రాంతాల్లోనూ సుమారు మూడో వంతు మందిలో ఉన్నాయి. తేడా పళ్లెంలో ఉంది. ఉత్తరాదిన గోధుమ వాడకం చాలా ఎక్కువ, దక్షిణాదిన చాలా తక్కువ. అలాగని తెలుగు వారికి ఈ వ్యాధి రాదని కాదు. జన్యువులు ఉన్నాయి, చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్ల వాడకం కూడా ఉంది.

గ్లూటెన్ తీసేస్తే ముద్ద ఎలా నిలుస్తుంది?

గ్లూటెన్ లేకుండా బ్రెడ్డు చేయడం చాలా కష్టం, కుకీ చేయడం అంత కష్టం కాదు. బ్రెడ్డు గాలిని పట్టుకోవాలి, అందుకు బలమైన వల కావాలి. కుకీలో నీరు తక్కువ, వెన్న, చక్కెర ఎక్కువ. వెన్న పిండి రేణువులకు పూతలా పట్టి నీరు తగలనివ్వదు, ఉన్న కాస్త నీటినీ చక్కెర లాక్కుంటుంది. కాబట్టి మైదాతో చేసిన కుకీలో కూడా గ్లూటెన్ వల పూర్తిగా ఏర్పడదు. అయినా ఎంతో కొంత అతుకును ఇచ్చేది అదే. అది కూడా లేకపోతే కుకీ పొడిపొడిగా రాలిపోతుంది.

ఈ లోటును తీర్చడానికి తయారీదారులు సాధారణంగా మూడు రకాల పదార్థాలు కలుపుతారు. మొదటిది బియ్యప్పిండి, జొన్నపిండి లేదా బాదం పొడి వంటి ఆధారం. రెండోది కర్రపెండలం, బంగాళాదుంప లేదా మొక్కజొన్న నుంచి తీసిన పిండిపదార్థం. ఇది వేడికి నీటిని పీల్చి జిగురుగా మారి రేణువులను అతికిస్తుంది. మూడోది, చాలా కొద్ది మోతాదులో కలిపే గమ్.

ప్యాకెట్ మీద ‘జాంథన్ గమ్’ లేదా ‘ఐఎన్‌ఎస్ 415’ అని ఉంటే, అది జాంథోమోనాస్ కాంపెస్ట్రిస్ అనే బ్యాక్టీరియా చక్కెరను పులియబెట్టి తయారుచేసే పదార్థం. ‘గ్వార్ గమ్’ లేదా ‘ఐఎన్‌ఎస్ 412’ అని ఉంటే అది మనకు బాగా తెలిసిన గోరుచిక్కుడు గింజల నుంచి తీసిన జిగురు. ప్రపంచంలో గోరుచిక్కుడును అత్యధికంగా పండించేది మన దేశమే, అందులోనూ రాజస్థాన్‌దే పెద్ద వాటా. కూరగా వండుకునే కాయ లోపలి గింజే ఎక్కడో ఒక కుకీ విరిగిపోకుండా పట్టి ఉంచుతోందన్నమాట. ఈ రెండు గమ్‌లూ నీటిని గట్టిగా పట్టి ఉంచి, ముద్దను చిక్కబరిచి, గ్లూటెన్ చేసే పనిలో కొంత భాగాన్ని చేస్తాయి.

ఈ ఆలోచన తెలుగు వంటింటికి కొత్తది కాదు. జొన్న రొట్టె చేసేవారు పిండిలో మరిగే నీళ్లు పోసి కలుపుతారు. జొన్నలో గ్లూటెన్ లేదు కాబట్టి చన్నీళ్లతో కలిపిన ముద్ద తట్టేటప్పుడు పగిలిపోతుంది. వేడి నీళ్లకు పిండిపదార్థం కొంత ఉడికి జిగురు వస్తుంది, ఆ జిగురే రొట్టెను నిలుపుతుంది. అరిసెల్లో తడి బియ్యప్పిండిని బెల్లం పాకం పట్టి ఉంచుతుంది. ఇడ్లీ పిండిలో మినప్పప్పు జిగురు గాలి బుడగలను పట్టి ఉంచుతుంది. గ్లూటెన్ లేని చోట మరో జిగురు వెతుక్కోవడమే వీటన్నిటి సూత్రం. కుకీ ముద్ద తయారుచేసేవారు చేసేదీ అదే.

ఓవెన్‌లో ఏం జరుగుతుంది?

కొనితెచ్చిన ముద్ద మీద రాసిన సూచనలను అలాగే పాటించడం మంచిది. వాటి వెనుక కారణాలు తెలిస్తే పొరపాట్లు తగ్గుతాయి.

ముద్దను ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కాల్చాలి. వెన్న 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ముద్ద ముందే వెచ్చబడితే, ఓవెన్‌లో పిండి గట్టిపడేలోపే వెన్న కరిగి కుకీ పలచగా పారిపోతుంది. అడ్డుకోవడానికి గ్లూటెన్ లేదు కాబట్టి ఈ ముద్దల్లో ఆ ప్రమాదం ఎక్కువ. ఉండల మధ్య చాలినంత దూరం ఉంచాలని చెప్పేదీ ఇందుకే.

ఇంట్లో పొడి మిశ్రమంతో ముద్ద కలుపుకుంటే అరగంట పాటు ఫ్రిజ్‌లో ఉంచాలి. బియ్యప్పిండి రేణువులు నీటిని నెమ్మదిగా పీలుస్తాయి. నాననివ్వకుండా కాలిస్తే నోట్లో సన్నటి ఇసుక తగిలినట్టు ఉంటుంది. బియ్యప్పిండి ఎంత మెత్తగా ఉంటే ఈ ఇబ్బంది అంత తగ్గుతుంది.

రంగును చూసి మోసపోకూడదు. కాల్చిన పదార్థాలకు వచ్చే గోధుమ రంగు, కమ్మటి వాసన ముఖ్యంగా ప్రోటీన్లూ చక్కెరలూ వేడికి కలిసి జరిపే మెయిలార్డ్ చర్య వల్ల వస్తాయి. బియ్యప్పిండి, కర్రపెండలం పిండి ఆధారంగా చేసిన ముద్దలో ప్రోటీన్ తక్కువ. కాబట్టి మైదా కుకీ అంత రంగు రాకపోవచ్చు. ఆ రంగు కోసం ఎదురుచూస్తే కుకీ ఎండి గట్టిపడుతుంది. అంచులు కొద్దిగా రంగు మారి, మధ్యభాగం మెత్తగా ఉన్నప్పుడే తీయాలి.

తీసిన తరువాత పది నిమిషాలు ట్రే మీదే వదిలేయాలి. వేడిగా ఉన్నప్పుడు చక్కెర, వెన్న కరిగిన స్థితిలో ఉంటాయి, పిండిపదార్థపు జిగురు ఇంకా బిగుసుకోదు. అప్పుడే ఎత్తితే ముక్కలవుతుంది. చల్లారేకొద్దీ ఇవన్నీ గట్టిపడి కుకీకి ఆకారం నిలుస్తుంది.

పచ్చి ముద్ద రుచి చూడవచ్చా?

కుకీ ముద్దను పచ్చిగా తినడం అమెరికాలో పిల్లలకు బాగా ఇష్టమైన పని. అందులో ప్రమాదం ఉంది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండవచ్చన్నది చాలామందికి తెలుసు. పచ్చి పిండిలో కూడా హానికర బ్యాక్టీరియా ఉండవచ్చన్నది అంతగా తెలియదు. ధాన్యం పొలంలో పండుతుంది, మరలో పొడి అవుతుంది, ఈ దారిలో ఎక్కడా దాన్ని ఉడికించరు. 2009లో అమెరికాలో పచ్చి కుకీ ముద్ద తిన్నవారిలో ఈ.కోలై ఓ157 సంక్రమణ అనేక రాష్ట్రాలకు పాకింది. 2016లో అక్కడే గోధుమ పిండి ద్వారా మరోసారి ఈ.కోలై వ్యాపించింది.

గోధుమ పిండి బదులు బియ్యప్పిండి ఉన్నంత మాత్రాన ఈ ప్రమాదం పోదు. గ్లూటెన్ లేకపోవడం వేరు, సూక్ష్మజీవులు లేకపోవడం వేరు. వేడిచేసి శుద్ధి చేసిన పిండి, పాశ్చరీకరించిన గుడ్లు వాడి ‘పచ్చిగా తినవచ్చు’ అని స్పష్టంగా రాసిన ముద్దలు కొన్ని ఉన్నాయి. ఆ మాట లేని ముద్దను కాల్చకుండా నోట్లో పెట్టకూడదు, పిల్లలకు ఇవ్వకూడదు.

ప్యాకెట్ మీద మాటకు అర్థం

‘గ్లూటెన్ ఫ్రీ’ అంటే గ్లూటెన్ సున్నా అని కాదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్, అమెరికా ఆహార ఔషధ సంస్థ, భారత ఆహార భద్రత ప్రమాణాల సంస్థ మూడూ దాదాపు ఒకే హద్దు పెట్టాయి. కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించకూడదు. మన దేశంలో 20 నుంచి 100 మిల్లీగ్రాముల మధ్య ఉన్నదాన్ని ‘తక్కువ గ్లూటెన్’ అంటారు. సీలియాక్ ఉన్నవారు ఈ రెండు మాటలనూ ఒకటిగా తీసుకోకూడదు.

‘గోధుమ లేదు’ అన్న మాట కూడా సరిపోదు. బార్లీ నుంచి తీసే మాల్ట్ రుచి కోసం అనేక తినుబండారాల్లో చేరుతుంది. ఓట్స్‌లో సహజంగా గోధుమ గ్లూటెన్ లేకపోయినా పొలంలో, రవాణాలో, మరలో గోధుమ, బార్లీ గింజలు కలుస్తుంటాయి. అందుకే గ్లూటెన్ లేనివిగా ధ్రువీకరించిన ఓట్స్ వేరుగా అమ్ముతారు. వాటిని మొదలుపెట్టే ముందు కూడా వైద్యుడిని అడగాలి. గోధుమ అలర్జీ ఉన్నవారి సంగతి మరొకటి. గ్లూటెన్ తొలగించిన గోధుమ పిండిపదార్థాన్ని కొన్ని గ్లూటెన్ ఫ్రీ ఉత్పత్తుల్లో వాడతారు. కాబట్టి అలర్జీ ఉన్నవారు పదార్థాల జాబితా మొత్తం చదవాలి.

చిటికెడు గోధుమ పిండి లెక్క

అసలు ప్రశ్న ప్యాకెట్ తెరిచాక మొదలవుతుంది. చిన్న లెక్క చేస్తే ఇది అర్థమవుతుంది.

కిలోకు 20 మిల్లీగ్రాములు అంటే 30 గ్రాముల కుకీ ఒక్కదాంట్లో గరిష్ఠంగా 0.6 మిల్లీగ్రాముల గ్లూటెన్. మూడు కుకీలు తిన్నా రెండు మిల్లీగ్రాములు దాటదు. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ చాలామంది సీలియాక్ రోగుల పేగుకు హాని చేసే అవకాశం తక్కువని ఇప్పటివరకు జరిగిన అధ్యయనాలు సూచిస్తున్నాయి. రోజూ 50 మిల్లీగ్రాములు మూడు నెలల పాటు తీసుకున్నవారిలో పేగు చూషకాలు దెబ్బతిన్నట్టు 2007లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది.

ఇప్పుడు గోధుమ పిండి సంగతి చూద్దాం. నూరు గ్రాముల పిండిలో సుమారు 10 గ్రాముల ప్రోటీన్, అందులో సుమారు 8 గ్రాములు గ్లూటెన్. అంటే ఒక్క గ్రాము పిండిలో 80 మిల్లీగ్రాములు. గ్రాములో ఎనిమిదో వంతు పిండితోనే 10 మిల్లీగ్రాముల గ్లూటెన్ చేరిపోతుంది. అది వేళ్ల కొసలకు అంటుకునేంత పిండి. పదహారు గ్లూటెన్ ఫ్రీ కుకీల్లో ఉండగల గరిష్ఠ గ్లూటెన్‌కు అది దాదాపు సమానం.

ఆ పిండి ఎక్కడి నుంచైనా రావచ్చు. చపాతీలు వత్తిన పీట, అప్పడాల కర్ర, గోధుమ పిండి జల్లించిన జల్లెడ, పగుళ్లున్న చెక్క గరిటె, కేకు అవశేషాలు అంటుకున్న ఓవెన్ ట్రే, బ్రెడ్డుకు రాసిన చాకును మళ్లీ ముంచిన వెన్న గిన్నె, అన్నీ దారులే. పక్కనే చపాతీ పిండి కలుపుతుంటే గాలిలో లేచిన పొడి కూడా ముద్ద మీద పడుతుంది. ఓవెన్ వేడికి ఈ గ్లూటెన్ నశించదు. వేడి బ్యాక్టీరియాను చంపుతుంది కానీ, సీలియాక్‌కు కారణమయ్యే ప్రోటీన్ భాగాలను తొలగించలేదు.

కాబట్టి సీలియాక్ ఉన్నవారి కోసం కుకీలు కాల్చే ఇంట్లో కొన్ని పద్ధతులు పాటించాలి. ఆ రోజు ముందుగా గ్లూటెన్ లేని వంట పూర్తిచేసి, తరువాతే గోధుమ పిండి బయటకు తీయాలి. గట్టు తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ట్రే మీద కొత్త బేకింగ్ కాగితం పరవాలి. జల్లెడ, పీట, కర్ర, చెక్క గరిటె విడిగా ఉంచుకోవాలి. స్టీలు, గాజు పాత్రలను బాగా తోమి వాడుకోవచ్చు. కాల్చిన కుకీలను పేరు రాసిన వేరే డబ్బాలో దాచాలి.

ఇదే జాగ్రత్త మిగతా వంటకూ వర్తిస్తుంది. సాంబారులో వేసే ఇంగువ పొడిలో తరచుగా మైదా లేదా గోధుమ పిండి కలుస్తుంది. సహజంగా గ్లూటెన్ లేని రాగులు, జొన్నలు కూడా గోధుమలు ఆడించిన మరలోనే పిండి పట్టిస్తే ఆ మేరకు గ్లూటెన్‌ను మోసుకొస్తాయి.

ఇది ఆరోగ్య ఆహారమా?

గ్లూటెన్ లేని కుకీ కూడా కుకీయే. చక్కెర, కొవ్వు మామూలు కుకీలో ఉన్నంతే ఉంటాయి. పిండిపదార్థం పాలు ఎక్కువ కాబట్టి ప్రోటీన్, పీచు తరచుగా ఇంకా తక్కువ. సీలియాక్ లేనివారు బరువు తగ్గుతామనో, ఆరోగ్యం బాగుపడుతుందనో దీన్ని ఎంచుకోవడానికి ఆధారం లేదు. సీలియాక్ ఉన్నవారికి కూడా ఇది అప్పుడప్పుడు తినే చిరుతిండి మాత్రమే. రోజువారీ బలానికి అన్నం, పప్పు, కూరలు, గుడ్లు, పాలు, శుభ్రంగా ఆడించిన చిరుధాన్యాలు ఉండనే ఉన్నాయి.

మరో ముఖ్యమైన మాట. పిల్లలకు కడుపు ఉబ్బరమో, రక్తహీనతో ఉందని అనుమానంతో ముందే గోధుమ మానిపించి చూడకూడదు. సీలియాక్‌ను నిర్ధారించే రక్తపరీక్ష, గ్లూటెన్ తింటున్నప్పుడు శరీరంలో తయారయ్యే యాంటీబాడీలను వెతుకుతుంది. తినడం మానేస్తే అవి క్రమంగా తగ్గిపోతాయి, పేగు కూడా మానడం మొదలవుతుంది. అప్పుడు వ్యాధి ఉన్నా పరీక్షలో బయటపడకపోవచ్చు. ముందు వైద్యుడిని కలిసి పరీక్ష చేయించాలి, ఫలితం వచ్చాకే ఆహారం మార్చాలి.

పరీక్షలో వ్యాధి ఉందని తేలితే నియమం జీవితాంతం పాటించాల్సిందే. అది పిల్లలకు తేలిక కాదు. పుట్టినరోజు వేడుకలో, బడిలో, బంధువుల ఇళ్లలో ప్రతిసారీ ‘నాకు వద్దు’ అని చెప్పాల్సి వస్తుంది. అటువంటి పిల్లల చేతిలో భయం లేకుండా తినగలిగే ఒక కుకీ పెట్టడం చిన్న విషయం కాదు. అందుకు కావలసిన రసాయన శాస్త్రాన్ని తయారీదారులు ముద్దలో అమర్చి ఇచ్చారు. మిగిలింది శుభ్రమైన ట్రే, కడిగిన చేతులు, వేరుగా పెట్టిన ఒక జల్లెడ.